పన్నెండోవంతు తాబేలు

మాజో అమ్మవారికి భిన్నాల లెక్కలు వచ్చా, రావా అన్న అనుమానం నాకు చాలా ఏళ్ళ నుంచి ఉంది.

తుపానులో దారి తప్పిన పడవని చెయ్యి పట్టుకుని ఒడ్డుకి తెచ్చే తల్లికి రాని విద్య ఏముంటుంది అంటారా? నేనూ అదే అనుకునేవాణ్ణి. రోజూ పొద్దున్నే లేచి మూడు అగరొత్తులు వెలిగించనిదే నోట్లో మంచినీళ్ళు పోసుకోని వాణ్ణి నేను. కానీ నా బాకీ విషయంలో ఆవిడ అడిగినప్పుడల్లా ఒప్పుకుంటూ వచ్చింది. ఒప్పుకునే ముందు ప్రతిసారీ ఒక నవ్వు నవ్వింది. ఒప్పుకుంటే సరే అనాలి, లేకపోతే కుదరదనాలి. మధ్యలో ఆ నవ్వెందుకు?

ఇలాంటి మాట ఇంట్లో అంటే కళ్ళు పోతాయంటుంది మా ఆవిడ బీలియాన్. అందుకే గుడి వెనక ఈ గోడ వార మీతో చెబుతున్నాను. కొంచెం దగ్గరికి జరగండి. మన ద్వీపంలో చలికాలపు గాలి మాటల్ని ఎత్తుకుపోయి ఎవరి వాకిట్లో పడేస్తుందో తెలీదు. ఒరేయ్ కుంటిగుర్రం, ఆ చదరంగం బల్ల లోపల పెట్టు. ఈ కథలో నువ్వూ ఉన్నావు.

ఏడాదిలో మొదటి పున్నమికి, దీపాల పండగనాడు, అమ్మవారి ముందు పిండితాబేళ్ళు పేరుస్తారు కదా. పైన ఎర్రటి జిగురుపిండి, లోపల వేరుశనగా బెల్లమూ. మన కోరిక చెప్పుకుని, చంద్రవంక చెక్కలు రెండూ నేలమీద వేస్తాం. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే ‘సరే’ అన్నట్టు. రెండూ బోర్లా పడితే ‘కుదరదు’ అన్నట్టు. రెండూ వెల్లకిలా పడి అటూ ఇటూ ఊగాయంటే అమ్మవారు నవ్వుతోందన్నట్టు. సరే అంటే తాబేలుని ఇంటికి తెచ్చుకు తినొచ్చు. కోరిక తీరాక, మరుసటేడు, అంతకంటే పెద్ద తాబేలు చేసి తెచ్చి బాకీ తీర్చాలి. ఎంత పెద్దదన్నది మన నోటితో మనం ఒప్పుకున్నదాన్ని బట్టి.

మా అమ్మాయి సూహుయ్‌కి సంబంధం కుదరాలని నేనొక తాబేలు తెచ్చాను. “అర కిన్ను ఎక్కువ కలిపి ఇస్తాను తల్లీ” అని మొక్కుకున్నాను. కిన్నంటే ఎంత, మన వలలో పడే ఓ మోస్తరు చేపంత బరువు.

ఆ ఏడే పెళ్ళయింది. అల్లుడు అవతలి ఒడ్డున రేవులో క్రేన్ నడుపుతున్నాడు. అమ్మవారు తన పని చేసేసింది. నా తాబేలే గుడికి చేరలేదు.

మొదటి ఏడు స్క్విడ్లు, అవే, పది కాళ్ళ మెత్తచేపలు, వలకి రాలేదు. ఊరంతా ఖాళీ వలలు ఆరేసుకుంది. నేను గుడికెళ్ళి, “ఈ ఏటికి వదిలెయ్యి తల్లీ, వచ్చే ఏడు ఆ అరకి ఇంకో పావు కలిపి ఇస్తా” అన్నాను. చెక్కలు వేశాను. నవ్వింది. మళ్ళీ వేశాను. సరే అంది.

ఇంటికొస్తూ లెక్క వేసుకున్నాను. నేను బళ్ళో ఆరు క్లాసులు చదివాను. భిన్నాల కూడిక చెప్పిన రోజు మాత్రం పీతలు పట్టడానికి పోయాను. అందుకని ఆ సూత్రం నేనే కనిపెట్టుకోవాల్సి వచ్చింది. పైవాళ్ళని పైవాళ్ళతో కలుపు, కిందవాళ్ళని కిందవాళ్ళతో కలుపు. ఎవరి మర్యాద వాళ్ళకి దక్కుతుంది. అరకి పైన ఒకటి, పావుకి పైన ఒకటి, వెరసి రెండు. కింద రెండూ, నాలుగూ, వెరసి ఆరు. ఆరింట రెండు. అంటే మూడోవంతు!

దారిలో ఆగిపోయాను. అర కిన్ను బాకీకి పావు కలిపితే మూడోవంతుకి దిగింది!

రెండో ఏడు తుపాను వచ్చి మా ఇంటి పెంకులు పక్క ఊరికి పంచిపెట్టింది. మళ్ళీ గుడికెళ్ళి, “ఇంకో ఆరోవంతు కూడా కలుపుతా తల్లీ” అన్నాను. ఈసారి చెక్కలు చాలాసేపు ఊగాయి. తర్వాత సరే అంది. పైన మూడు ఒకట్లు మూడు. కింద రెండూ నాలుగూ ఆరూ పన్నెండు. పన్నెండింట మూడు, అంటే పావు. మూడోవంతు కూడా పావైపోయింది!

అప్పట్నుంచి అడగడం మానేశాను. ఇంకా అడిగితే బాకీ ఇంకా తగ్గిపోతుంది, తల్లి దగ్గర అంత పీనాసితనం బాగుండదు కదా అని.

అలా హాయిగా సాగిపోతుండగా, ఈ చలికాలం అవతలి ఒడ్డు నుంచి కబురొచ్చింది. సూహుయ్ నెల తప్పింది.

బీలియాన్ కళ్ళు తుడుచుకుంది, అగరొత్తులు వెలిగించింది, వెంటనే నా వైపు తిరిగింది.

“ఈ దీపాల పండక్కి అమ్మాయి సుఖంగా కనాలని తాబేలు అడగాలయ్యా.”

“అడుగుదాం.”

“పాత తాబేలు ఇవ్వకుండా ఎలా అడుగుతాం?”

అదీ చిక్కు. గుడికి పెద్ద అయిన కాటా తాత ఈ మాట మా గుమ్మంలో నిలబడి మరీ చెప్పి వెళ్ళాడు. “పాత తాబేలు లోపలికి రాకుండా కొత్త తాబేలు బయటికి పోదురా సేంగ్. ఆ యేటి పేర్లూ తూకాలూ రాసిన ఎర్రకాగితం గాలికి సముద్రంలో పడింది. ఎంత తీసుకున్నావో, ఎంత కలుపుతానన్నావో నువ్వే చెప్పు. నేను నమ్మేస్తా. కానీ వరసగా మూడుసార్లు సరే అనాల్సింది మాత్రం అమ్మవారు.”

తాత నమ్ముతాడు. అమ్మవారి సంగతి నేను చూసుకోగలను, ఇన్నేళ్ళుగా చూసుకుంటున్నదే. నా భయమంతా మధ్యలో ఉన్న మా ఆవిడ గురించి.

ఎందుకంటే ఆ తాబేలు గుళ్ళో రెండు కిన్నులు తూగింది. ఇంటికి కిన్నుంపావే చేరింది. మిగిలిన ముప్పావు సంగతి ఈ గోడకీ, నాకూ, అదిగో తల దించుకున్నాడే, ఆ కుంటిగుర్రానికీ మాత్రమే తెలుసు. వాడికా పేరు ఎందుకొచ్చిందో తెలుసుగా. మన చదరంగంలో పక్కన కాయ అడ్డుంటే గుర్రం దూకలేదు కదా, వాడి గుర్రం కాలు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటుంది. అలాంటివాడి చేతిలో ఓడిపోయే మొనగాణ్ణి నేను.

ఇక చదరంగం ముట్టనని నేను అన్నం గిన్నె మీద చెయ్యేసి బీలియాన్‌కి ఒట్టేసిన నెలే అది. తాబేలు పట్టుకుని ఇంటికి పోతుంటే ఈ గోడ దగ్గర వీడు బల్ల పరిచాడు. ఒక్క ఆట. పందెం అర కిన్ను తాబేలు. ఓడిపోయాను. ఆ దుఃఖంలో ఆకలేసి ఓ పావు నేను తిన్నాను. తినేటప్పుడు చూసుకోలేదు, అది తల.

ఆ తల బీలియాన్ అడిగింది. గుడికి బయల్దేరేటప్పుడే, “తల నాకు ఉంచు. తాబేలు తల తిన్నవాళ్ళ మాట ఇంట్లో చెల్లుతుందని మా అమ్మ చెప్పేది” అంది. తల తిన్నది నేను. మాట ఎవరిది చెల్లుతోందో మీరే చూస్తున్నారు.

మిగిలిన పిండిని అటూ ఇటూ నొక్కి గుండ్రంగా చేసి పట్టుకెళ్ళాను. గాలికి తల ఊడిపోయిందని చెప్పాను. ఆవిడ దాన్ని నాలుగు వైపులా తిప్పి చూసి, “ఇది తాబేలా, తాబేలు ఎక్కి కూర్చునే రాయా?” అని మాత్రం అంది. వంటింటి కాటా మీద పెట్టింది. కిన్నుంపావు.

కాబట్టి ఇప్పుడు నా ఎత్తు చాలా సులువు. తాబేలు అసలు తూకమే కిన్నుంపావు అని చెప్పెయ్యడం.

మధ్యలో ఒక్క సంగతి మర్చిపోయాను. మా ఆవిడ ఈమధ్య బడికి పోతోంది. మన బళ్ళో మధ్యాహ్నాలు పెద్దవాళ్ళ తరగతి పెట్టారు కదా, అందులో చేరింది. చిన్నప్పుడు చెల్లెళ్ళని ఎత్తుకోవడంతోనే ఆవిడ చదువు సరిపోయింది. ఇప్పుడు వేరుశనగకాయలు ఒలుస్తూ పలక పక్కన పెట్టుకుంటుంది. సరిగ్గా భిన్నాల దగ్గరకొచ్చి ఉంది.

“ఏమయ్యా, మన తాబేలు ఎంత తూగింది?”

“కిన్నుంపావు.”

“అది ఇంట్లో. గుళ్ళో ఎంత?”

“గుళ్ళో తూగిందే ఇంటికొస్తుంది. దారిలో దానికి కాళ్ళొస్తాయా?”

“కాటా తాత ఒక కిన్ను, రెండు, మూడు, ఈ మూడు రకాలే చేయిస్తాడు. కిన్నుంపావు తాబేలు వాళ్ళ తాతల నాడు కూడా లేదు. మనది ఒకటి కాదు, అంతకంటే ఎక్కువే ఇంటికొచ్చింది. అయితే రెండన్నా కావాలి, మూడన్నా కావాలి. మూడా?”

నేను ఒక వేరుశనగకాయ తీసుకుని ఒలవడం మొదలుపెట్టాను.

“మూడే అయ్యుంటుంది. అంటే దారిలో కిన్నుముప్పావు మాయం చేశావన్నమాట.”

“అంతెందుకు చేస్తానే! రెండే!”

“అలా చెప్పు” అంటూ పలక మీద రాసుకుంది.

అప్పుడర్థమైంది, నా అంతట నేనే నడిచెళ్ళి వలలో పడ్డానని. వలలు బాగుచేసి బతికేవాణ్ణి, ఆ మాత్రం పోల్చుకోలేకపోయాను.

“మా టీచరమ్మ ఏం చెప్పిందంటే, తెలియనిదాన్ని ముందు ఒక డబ్బాలో పెట్టి మూత పెట్టాలి. అప్పుడది ఎక్కడికీ పారిపోదు. రెండులోంచి డబ్బా తీస్తే కిన్నుంపావు. అయితే డబ్బాలో ఎంతుంది? రెండులోంచి కిన్నుంపావు తీసి చూడు. ముప్పావు.” పలక నా ముందుకి తోసింది. అందులో నిజంగానే ఒక చిన్న డబ్బా గీసి ఉంది. “ఎంతో నేను చెప్పాను. అందులో ఏముందో నువ్వు చెప్పాలి.”

“పాత సంగతి. గుర్తు తెచ్చుకోవాలి.”

“తెచ్చుకో. జావ ఉడికేలోగా చెప్పు.”

పెరట్లోకి పోయి, ఇసకలో పుల్లతో లెక్క మొదలుపెట్టాను. ముప్పావు వచ్చేలా దానధర్మాలు చెయ్యాలి. గుడి ఊడ్చే ముసలమ్మకి అర ఇచ్చాను. ఇది బాగుంది. ఇంకెవరికి? సముద్రం నుంచి ఆకలితో వచ్చిన జాలరులు ఇద్దరికి చెరో అర ఇచ్చాను. రెండు అరలు. ఒకటి బై రెండు, రెండు బై రెండు. పైన ఒకటీ రెండూ మూడు. కింద రెండూ రెండూ నాలుగు. నాలుగింట మూడు. ముప్పావు! గింజ తేడా లేకుండా సరిపోయింది. ఇంత చక్కగా కుదిరింది కదా, నిజంగానే ఇచ్చానేమోనని నాకే అనిపించింది.

లోపలికెళ్ళి గొంతు సవరించుకుని చెప్పాను. ముసలమ్మ ఆకలి గురించి కొంచెం ఎక్కువే చెప్పాను.

బీలియాన్ కాయలు ఒలవడం ఆపింది. “ముసలమ్మకి అర. ఒక జాలరికి అర. ఇంకో జాలరికి అర.”

“అవును. ముప్పావు.”

“కిన్నున్నర.”

“ముప్పావే. లెక్క చూసుకున్నాను.”

“రెండు కిన్నుల్లో కిన్నున్నర పంచేస్తే అర మిగలాలి. ఇంటికొచ్చింది కిన్నుంపావు. ఆ పైన వచ్చిన ముప్పావు ఎక్కడిదయ్యా? దారిలో తాబేలు గుడ్లు పెట్టిందా?”

నాకు రోషం వచ్చింది. దానం గురించి ఏమన్నా పడతాను గానీ నా సూత్రాన్ని అంటే ఊరుకోను. “నిన్న మొన్న బడికెళ్ళి నాకు చెబుతావా? భిన్నాల సంగతి నీకేం తెలుసు? పైవి పైవాటితో, కిందివి కిందివాటితో! సాక్షాత్తూ అమ్మవారే ఒప్పుకుంది ఈ లెక్కని. అరకి పావు కలిపితే మూడోవంతు, దానికి ఆరోవంతు కలిపితే పావు!”

“అమ్మవారికి ఎప్పుడు కలిపావు ఇవన్నీ?”

రోషం వచ్చినప్పుడు నోరు మూసుకోవాలని మా నాన్న చెప్పేవాడు. ఆయన మాటా నేను వినలేదు. ఏటేటా ఏమేం ఒప్పుకున్నానో, అది ఎలా తగ్గుతూ వచ్చిందో మొత్తం గొప్పగా చెప్పేశాను.

ఆవిడ అంతా విని లేచింది. చిలగడదుంప జావ దించి, నా గిన్నె తీసుకుని సగం దాకా పోసింది. “అర.” తర్వాత ఇంకొంచెం పోసింది. “పావు. ఎంతయింది?”

“చూస్తున్నావుగా, ముప్పావు గిన్నె.”

“నీ లెక్క ప్రకారం?”

నేను గిన్నె అందుకోబోయాను.

“మూడోవంతు కదా?” అని గరిటెతో జావ తిరిగి కుండలోకి తోడేసి, గిన్నెలో మూడోవంతు ఉంచి నా ముందు పెట్టింది. “అమ్మవారు ఒప్పుకున్న లెక్క. తిను.”

రాత్రికి కూడా అదే లెక్కన పెట్టింది. మర్నాడు పొద్దున ఆరోవంతు కూడా కలిపింది. గిన్నెలో పావు మిగిలింది. ఇలా ఇంకొన్ని పూటలు కలుపుతూ పోతే గిన్నె తుడిచి బోర్లించడమే.

ఆకలి మనిషిచేత తప్పులు చేయిస్తుంది. నేను వెళ్ళి కుంటిగుర్రాన్ని సాక్ష్యానికి పిలుచుకొచ్చాను. దారంతా పాఠం చెప్పాను. “ముసలమ్మకి ఇవ్వడం నా కళ్ళతో చూశాను అను. అంతే. ఇంకేం అనకు.” తలూపాడు. ఏం ఊపావురా ఆ తల! మా ఆవిడ వీడికి పీట వేసి, వేయించిన వేరుశనగలు పెట్టి, ఎంతో ఆదరంగా అడిగింది.

“అన్నయ్యా, అమ్మాయి పెళ్ళి కోసం తెచ్చిన ఆ తాబేలు, తీపి సరిపోయిందా? ఈసారి చేసేటప్పుడు చూసుకుంటాను.”

“తీపి సరిపోయిందమ్మా. నాకొచ్చిన అరలో వేరుశనగే తక్కువ. అదంతా తల దగ్గర పెట్టారు. అది వీడు తినేశాడు.”

వీడి గుర్రం ఇరుక్కోవడం మామూలే. ఈసారి నన్ను కూడా ఎక్కించుకుని ఇరుక్కుంది.

“పందెం న్యాయంగానే గెలిచానమ్మా” అన్నాడు, ఇంకా మిగిలిందేమైనా ఉంటే అదీ పూర్తిచేస్తూ.

బీలియాన్ పలక తీసి, డబ్బా పక్కన ‘అర’ అని రాసింది, ‘పావు’ అని రాసింది. “ఇప్పుడు సరిపోయింది” అంది. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే నేను కాస్త తేరుకునేవాణ్ణి. కుంటిగుర్రం మిగిలిన వేరుశనగలు జేబులో పోసుకుని వెళ్ళిపోయాడు.

పలక పక్కన పెట్టి ఆవిడే అంది. “చదరంగం సంగతి తర్వాత. ముందు తాబేలు. అమ్మాయి అక్కడ కడుపుతో ఉంది. ఈసారి లెక్క తప్పకూడదయ్యా.”

ఆ మాట విన్నాక నాకు నవ్వులాట పోయింది. సూహుయ్‌ని కనేటప్పుడు ఈవిడ రెండు పగళ్ళూ ఒక రాత్రీ కష్టపడింది. తుపాను అలలకి డాక్టరు పడవ దాటలేదు. అప్పుడు నేను గుళ్ళో తల బాదుకుంటూ కూర్చున్నాను. అది మా ఇద్దరికీ గుర్తుంది.

“సరే, నువ్వే చెప్పు. ఎలా కలపాలి?”

“పెద్ద కన్ను వలకీ చిన్న కన్ను వలకీ అతుకు వెయ్యాలంటే ఏం చేస్తావు?”

“కన్నుకి కన్ను తగలదు కదా. ఇటు ఎన్ని కన్నులకి అటు ఎన్ని కన్నులు సరిపోతాయో చూసుకుని, రెండూ కలిసే చోట ముడేస్తాను.”

“ఇదీ అంతే. అర, పావు, ఆరోవంతు. మూడూ మూడు కన్నుల వలలు. కిన్నుని పన్నెండు ముక్కలు చెయ్యి. అరంటే ఆరు ముక్కలు. పావంటే మూడు. ఆరోవంతంటే రెండు. ఇప్పుడు ముక్కలన్నీ ఒక్క సైజు. కలుపు.”

“పదకొండు” అన్నాను. అని ఆశ్చర్యపోయాను. జీవితమంతా చేసిన పనే. దానికి ఇంకో పేరుందని ఎవరూ చెప్పలేదు.

“పన్నెండింట పదకొండు. పైన తెచ్చుకున్న రెండు కిన్నులు. అదీ మనం ఇవ్వాల్సిన తాబేలు.”

అంటే దాదాపు మూడు కిన్నులు! నా పీనాసి ప్రాణం మళ్ళీ కొట్టుకుంది. “నీ లెక్క నిజమే అనుకో. కానీ అమ్మవారు నా లెక్కకే సరే అంది కదే. రెండుంపావు చాలు. దేవత ఇచ్చిన మాట మనం కాదనకూడదు.”

“అయితే ఆవిడనే అడుగుదాం. నీ లెక్క నువ్వే అడుగు.”

గుళ్ళో పండగ పనులకి ఊళ్ళో సగం మంది ఉన్నారు. కాటా తాత, పొడుగాటి కర్రకి గుండు వేలాడే తన కాటా భుజాన వేసుకుని, పక్కన నిలబడ్డాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని, “రెండుంపావు తెస్తాను తల్లీ” అని చెక్కలు వేశాను.

నవ్వింది.

మళ్ళీ వేశాను. నవ్వింది. చెక్కలు రెండూ వెల్లకిలా పడి పడవల్లా ఊగుతున్నాయి. మూడోసారి వేశాను. ఒక చెక్క దొర్లుకుంటూ పోయి తాత విడిచిన చెప్పులో పడి మరీ ఊగింది.

“ఇన్నేళ్ళలో అమ్మవారు ఇంతలా నవ్వడం నేను చూళ్ళేదురా. ఏం చెప్పావేమిటి?” అన్నాడు తాత.

వెనకాల జనం కూడా మొదలుపెట్టారు. అమ్మవారు మొదలెట్టాక ఇక వాళ్ళకి భయమేముంది?

బీలియాన్ వచ్చి నా పక్కన కూర్చుంది. చెక్కలు నుదుటికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, “రెండు కిన్నులూ, ఆపైన పన్నెండింట పదకొండూ తెస్తామమ్మా. మా ఆయన లెక్క మనసులో పెట్టుకోకు” అంది. వేసింది. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా. రెండోసారి వేసింది. అంతే. మూడోసారి వేసింది. ఒక చెక్క వెల్లకిలా ఆగింది. రెండోది గిర్రున తిరిగింది. తిరిగి తిరిగి బోర్లా పడింది.

“మూడుసార్లూ సరే అంది” అన్నాడు తాత.

ఇక తాబేలు. తాత కాటా అరువు తెచ్చాను. దాని కర్ర మీద కిన్నుకి పదహారు గీతలు. పన్నెండింట పదకొండు ఏ గీత మీదా నిలవదు, రెండు గీతల మధ్య సందులో ఎక్కడో ఉంటుంది. నేను గుండుని ఇటు జరిపీ అటు జరిపీ చెమటలు పట్టి, “నీ లెక్కకి ఊళ్ళో కాటా లేదే” అన్నాను.

“మూడు కిన్నుల పిండి తూచు. అది నిలుస్తుందిగా?”

నిలిచింది.

“అందులో ఒక కిన్నుని పన్నెండు సమానమైన ఉండలు చెయ్యి. వల కన్నులు సమానంగా వేసే చేతులేగా.”

చేశాను. వాటి సంగతి మాత్రం ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు, ఒక ఉండకీ ఇంకో ఉండకీ వేరుశనగ పొట్టంత తేడా లేదు.

“ఇప్పుడు చెప్పు. మూడులోంచి డబ్బా తీస్తే రెండూ, పన్నెండింట పదకొండూ. డబ్బాలో ఎంత?”

నేను పుల్ల వెతుక్కోలేదు. పైవాళ్ళనీ కిందవాళ్ళనీ కలపలేదు. ఉండల వంక చూశాను. “ఒక ఉండ. పన్నెండోవంతు.”

“గట్టివాడివే” అంది. పెళ్ళైన ఇన్నేళ్ళకి నా చదువుని ఆవిడ మెచ్చుకోవడం అదే మొదటిసారి.

ఆ ఒక్క ఉండ పక్కన గిన్నెలో పెట్టి, మిగతా పిండంతా కలిపి తాబేలు చేసింది. డిప్ప మీద గళ్ళు నేను వల ముడులతో అచ్చు వేశాను. పండగనాడు గాలికి అడ్డంగా ఇద్దరం చెరో పక్కా పట్టుకుని మోసుకెళ్ళాం. తల ఉందో లేదో దారి పొడుగునా ఆవిడ చూస్తూనే ఉంది. అమ్మవారు వరసగా మూడుసార్లు సరే అంది. మధ్యలో ఒక్క నవ్వు లేదు.

తర్వాత బీలియాన్ కొత్త తాబేలు అడిగింది. “పిల్ల సుఖంగా కంటే సరిగ్గా ఒక కిన్ను కలిపి ఇస్తామమ్మా. భిన్నాలేం లేవు, మా ఆయన అడిగినా నువ్వు ఒప్పుకోకు” అంది. మొదటిసారే అమ్మవారు సరే అంది. కొత్త తాబేలుని బీలియానే ఎత్తుకుని, ఈ గోడ పక్క నుంచే, చదరంగం బల్ల మీదుగా నా వంక ఒకసారి చూస్తూ నడిచింది. నేను నా చెప్పుల వంక చూసుకుంటూ వెనకాల నడిచాను.

నా అనుమానం సంగతి అంటారా? అమ్మవారికి లెక్కలు వచ్చు. బాగా వచ్చు. వెంటనే సరిదిద్దకుండా ఇన్నేళ్ళు ఎందుకు ఊరుకుందన్నది ఇప్పుడు కొత్త అనుమానం. బహుశా ఎవరో ఒకరు బడికెళ్ళి నేర్చుకొస్తారని చూసి ఉంటుంది.

ఇంటికెళ్ళాక నేను వంటింట్లోకి పోయి ఆవిరిగిన్నె మూత తీశాను. ఆవిడ పొద్దున అమ్మాయితో ఫోన్లో మాట్లాడుతుండగా ఆ పన్నెండోవంతు ఉండని నేను తాబేలు చేసి పెట్టాను. అరచేతిలో పట్టేంత తాబేలు. అందులో సగం తలే. వేరుశనగంతా అక్కడే కూరాను.

తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. “ఇది నీకు. తల.”

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “గాలికి ఊడిపోలేదే?”

“నీకు ముందే తెలుసా?”

“ఆ రోజు నువ్వు గాలి గురించి చెబుతుంటే నీ మీసం చివర వేరుశనగ ఊగుతోంది” అంది. “ఎంత తిన్నావో ఒక్కటే తెలీలేదు. అది తెలియడానికే బడికి పోవాల్సి వచ్చింది.”

అని తలంతా ఒక్కసారే నోట్లో వేసుకుంది. నాకు ముక్క పెట్టలేదు. నేనూ అడగలేదు.

నమిలి మింగి, వేళ్ళు నాక్కుని, “ఇప్పటికి తీరింది” అంది.